మానవ హక్కుల చట్టం, ట్రాన్సిషనల్ జస్టిస్‌లో పీజీ: ఎక్కడ చదవాలి, చదివి ఏం చేయాలి?

మంజీర:
అందరికీ నమస్తే. నేను సంగారెడ్డి కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా బెయిళ్లు, మెయింటెనెన్స్ కేసులు, అప్పుడప్పుడు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద బాధితుల తరఫున ఒకటీ అరా. నన్ను నిద్రపోనివ్వనివి ఈ చివరి రకం కేసులే. సాక్షులు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతారు, ఒకరిద్దరు మాట మారుస్తారు, కేసు కొట్టేస్తారు, ఆ తర్వాత ఆ కుటుంబం అదే ఊళ్లో అదే మనుషుల మధ్య బతకాలి. శిక్ష పడిందా లేదా అన్న ఒక్క లెక్కతోనే న్యాయాన్ని కొలవడం నాకు సరిపోవడం లేదు. దీని గురించి చదువుతుంటే ట్రాన్సిషనల్ జస్టిస్ అనే శాఖ కనబడింది. యుద్ధమో నియంతృత్వమో పెద్ద హింసో జరిగిన చోట, ఆ తర్వాత నిజం బయటికి తేవడం, విచారణలు, పరిహారం, మళ్లీ జరగకుండా వ్యవస్థల్ని మార్చడం, ఇవన్నీ కలిపి చదివే శాఖ. ఉత్తర ఐర్లండ్‌లో అల్స్టర్ విశ్వవిద్యాలయంలో మానవ హక్కుల చట్టం, ట్రాన్సిషనల్ జస్టిస్ రెండూ కలిపి ఒక ఎల్ఎల్ఎం ఉంది. వెళ్లాలని బలంగా ఉంది. ఇంట్లో వద్దనరు, కానీ డబ్బు లేదు. ఇక్కడ ఎవరైనా చదివారా? అది మన కోర్టుల్లో పనికొస్తుందా? దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

లగాన్ ఒడ్డు:
మంజీర గారూ, నేను ఆ కోర్సే చదివాను, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. అక్కడి ట్రాన్సిషనల్ జస్టిస్ ఇన్‌స్టిట్యూట్ 2003లో మొదలైంది, అంటే 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం అనే శాంతి ఒప్పందం కుదిరిన ఐదేళ్లకు. బ్రిటన్‌తోనే ఉండాలన్న వాళ్లకీ ఐర్లండ్‌లో కలవాలన్న వాళ్లకీ మధ్య ముప్ఫై ఏళ్లు సాగిన గొడవల్లో మూడున్నర వేల మందికి పైగా చనిపోయిన చోటు అది. మీరు క్లాసులో చదివే ప్రతి సూత్రానికీ బయట ఒక వీధి, ఒక కుటుంబం, ఇంకా నడుస్తున్న ఒక కేసు ఉంటాయి. మిగతా చోట్ల చదివినదానికీ దీనికీ ఉన్న తేడా అదే.

ఒక ఉదాహరణ చెబుతాను. 1972 జనవరి 30న డెర్రీలో పౌర హక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది. ఆ రోజే 13 మంది చనిపోయారు, గాయపడిన మరొకరు తర్వాత పోయారు. కొద్ది వారాల్లోనే విడ్జరీ అనే జడ్జి విచారణ ముగించి సైన్యానిది పెద్ద తప్పేమీ లేదన్నట్టు నివేదిక ఇచ్చాడు. కుటుంబాలు ఒప్పుకోలేదు. పాతికేళ్లకు పైగా పోరాడాక 1998లో సావిల్ విచారణ వేశారు. అది 2010 జూన్ 15న నివేదిక ఇచ్చింది. చనిపోయిన వాళ్లెవరూ సైనికులకు ముప్పు కాదని తేల్చింది, ప్రధాని కామెరాన్ అదే రోజు పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 12 ఏళ్లు, దాదాపు 20 కోట్ల పౌండ్ల ఖర్చు. ఇంత చేసినా అది విచారణ సంఘమే, కోర్టు కాదు, శిక్ష వేసే అధికారం లేదు. మరి కుటుంబాలకు ఏం దక్కింది? తమ పిల్లలు బాంబులు పట్టుకుని తిరిగారన్న మచ్చ పోయింది. కొందరికి అదే చాలు, కొందరికి చాలలేదు, కాల్చినవాడు కోర్టులో నిలబడాలన్నారు. ఒకే సంఘటనలో నష్టపోయిన వాళ్లందరికీ ఒకే రకం న్యాయం కావాలనుకోవడం ఎంత పొరపాటో నాకు అక్కడే అర్థమైంది. మీరు అడిగిన ప్రశ్నకి దగ్గరి జవాబు అదేనని నా నమ్మకం.

ఇంకొకటి. ఆ గొడవల కాలంలో సాయుధ గ్రూపులు కొందరిని చంపి రహస్యంగా పాతిపెట్టాయి. ఆ శవాలు వెతకడానికి 1999లో ఒక కమిషన్ వేస్తూ, ఎవరు సమాచారం ఇచ్చినా దాన్ని కోర్టులో సాక్ష్యంగా వాడకూడదని చట్టం చేశారు. లాయరుగా వింటే కష్టంగా ఉంటుంది. కానీ ఆ తల్లులు అడిగింది ముందు ఎముకలైనా ఇవ్వండి, పూడ్చుకుంటాం అని. ఎక్కువ మంది అవశేషాలు దొరికాయి, కొందరివి ఇంకా దొరకలేదు.

పాత ఫైలు:
అమ్మా మంజీర, నేను హైదరాబాదులో చాలా ఏళ్లుగా క్రిమినల్ వైపు, హైకోర్టు రిట్ల వైపు పనిచేస్తున్నవాణ్ణి. లగాన్ గారు బాగా చెప్పారు, కానీ నా మాట కూడా విను. ఈ శాఖ గురించి చదవడానికి సముద్రాలు దాటక్కర్లేదు, మన దగ్గరే ఎవరూ చదవని సరుకు గుట్టలుగా పడి ఉంది.

చుండూరు తీసుకో. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు పట్టుబట్టి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. నేరం జరిగిన ఊళ్లో, నేరం చేశారన్న వాళ్ల కళ్లెదుట, బాధితులు నమ్మిన లాయరుతో విచారణ. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టును ఊరికి తీసుకురావడం వల్ల సాక్షులకు ఏం ధైర్యం వచ్చింది, పదహారేళ్ల ఆలస్యం వల్ల ఏం పోయింది, పై కోర్టు ఆ ఆలస్యాన్నీ చిన్న చిన్న తేడాల్నీ ఎవరి మీద వేసింది, ఇవన్నీ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే కనబడతాయి. రువాండాలో జాతి నరమేధం తర్వాత ఊళ్లల్లో జనమే నడిపిన గచాచా కోర్టుల గురించి ప్రపంచమంతా పుస్తకాలు రాసింది, రాయాల్సిందే, కానీ చుండూరు కోర్టు గురించి ఆ స్థాయిలో ఎవరు రాశారు?

ఎన్‌కౌంటర్ల సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదు మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది, 1997 మార్చిలో అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాసింది. ఈ రోజు దేశమంతా పాటించాల్సిన మార్గదర్శకాలకి మూలం మన ఊళ్లల్లో చనిపోయిన వాళ్ల కేసులు. 2009 ఫిబ్రవరి 6న మన హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి, ఎన్‌కౌంటర్లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందే, మేజిస్ట్రేట్ విచారణ దానికి బదులు కాదు అంది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, తర్వాత 2014లో మహారాష్ట్ర కేసులో తన సొంత మార్గదర్శకాలు 16 ఇచ్చింది. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి వాళ్లు ఏ విదేశీ డిగ్రీ లేకుండానే ఈ పని చేశారు. ముందు ఆ తీర్పులు మొత్తం చదువు, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకో.

కొండపల్లి:
నాకు లా తెలీదు, మా అమ్మాయి లా చదువుతోంది కాబట్టి ఈ చర్చ చదువుతున్నాను. ఒక ప్రశ్న అడగాలి. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల వర్ణవివక్ష పాలన పోయాక, చంపినవాడు వచ్చి నిజం ఒప్పుకుంటే క్షమించి వదిలేశారని విన్నాను. అది న్యాయం ఎలా అవుతుందండీ? మా ఊళ్లో ఎవడైనా అలా చేస్తే చచ్చినవాడి భార్య ముఖం ఎలా చూస్తాం?

లగాన్ ఒడ్డు:
కొండపల్లి గారూ, ఇది క్లాసులో అందరూ మొదటి వారమే అడిగే ప్రశ్న, చివరి వారానికి కూడా తెగదు. పూర్తిగా వదిలేశారనడం సరికాదు. 1995లో చేసిన చట్టం ప్రకారం నేరం రాజకీయ ఉద్దేశంతో జరిగి ఉండాలి, చేసినవాడు మొత్తం నిజం చెప్పాలి, అప్పుడే క్షమాభిక్ష. 7,112 మంది అడిగితే 849 మందికే ఇచ్చారు. వర్ణవివక్ష మీద పోరాడిన నాయకుడు స్టీవ్ బికోని పోలీసు కస్టడీలో చంపిన వాళ్లు కూడా అడిగారు, వాళ్లకి తిరస్కరించారు. మీలాగే కోపం వచ్చిన కుటుంబాలు ఈ చట్టం చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాయి, 1996లో ఓడిపోయాయి.

నా దృష్టిలో అసలు అన్యాయం ఆ తర్వాత జరిగింది. క్షమాభిక్ష రాని వాళ్ల మీద, అసలు అడగని వాళ్ల మీద కేసులు పెట్టాలని, ఆ చట్టం కింద వేసిన సత్యం, సయోధ్య కమిషన్ దాదాపు 300 కేసులు ప్రాసిక్యూటర్లకి అప్పగించింది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని తప్ప ముందుకు కదల్లేదు. ఎవరు అడ్డుపడ్డారో తేల్చడానికి 2025లో అధ్యక్షుడు రామఫోసా ఒక విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. పరిహారం కూడా అంతే. 1998లో కమిషన్ సిఫారసు చేసినదాన్ని పక్కన పెట్టి, 2003లో ఒక్కొక్కరికి 30 వేల రాండ్లు ఒకేసారి ఇస్తామన్నారు. చంపినవాడికి క్షమాభిక్ష వెంటనే దక్కింది, చచ్చినవాడి కుటుంబానికి రావాల్సింది ఏళ్ల తర్వాత, అదీ కోత పెట్టి వచ్చింది. క్షమాభిక్ష ఇవ్వొచ్చా లేదా అన్న వాదన కంటే ఈ వరస నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

తరాయి దారి:
నేను కొంతకాలం నేపాల్లో బాధితుల సంఘాలతో కలిసి పనిచేశాను. బెల్ఫాస్ట్, కేప్‌టౌన్ పేర్లు వినిపించినంతగా మన పక్కింటి సంగతి వినిపించదు. అక్కడ 2006 నవంబరులో శాంతి ఒప్పందం జరిగింది, పదేళ్ల యుద్ధంలో దాదాపు 17 వేల మంది పోయారు. నిజనిర్ధారణకి ఒక కమిషన్, కనిపించకుండా పోయిన వాళ్ల కోసం ఇంకొకటి, రెండూ 2015లో గానీ రాలేదు. రెండింటికీ కలిపి 60 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. తీవ్రమైన నేరాలకు క్షమాభిక్ష కుదరదని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పినా, చట్టం సవరించడానికి 2024 ఆగస్టు వరకు ఆగారు. ఎందుకంటే యుద్ధం చేసిన రెండు వైపుల వాళ్లూ మారి మారి అధికారంలో ఉన్నారు, ఇద్దరికీ పాత ఫైళ్లు తెరవడం ఇష్టం లేదు. పైకి చెప్పే ఏ కారణం కంటే ఇదే పెద్ద కారణమని నేను దగ్గర్నుంచి చూసి చెబుతున్నాను.

అక్కడి ఊళ్లల్లో భర్త కనబడకుండా పోయిన ఆడవాళ్ల దగ్గర కూర్చుంటే, వాళ్లు ముందు అడిగేది కోర్టు గురించి కాదు. భూమి ఆయన పేరు మీద ఉంది, చనిపోయినట్టు కాగితం లేదు, పొలం మార్చుకోలేను, పిల్లల పౌరసత్వ కాగితాలు రావడం లేదు. బొట్టు పెట్టుకోవాలా వద్దా అని అత్తగారింట్లో గొడవ. మానవ హక్కుల చట్టం చదివినవాళ్లు ఈ రెవెన్యూ కాగితం పని చేయగలిగితే ఆ తల్లికి అది చాలా పెద్ద సాయం. మంజీర గారూ, మీరు సివిల్ వైపు పని కూడా చేస్తారు కాబట్టి చెబుతున్నాను, ఆ అనుభవాన్ని తక్కువగా చూడకండి, దరఖాస్తులో రాయండి.

అరకు:
నేను ఏజెన్సీ నుంచి వచ్చినవాణ్ణి, ఎల్ఎల్‌బీ ఆఖరి సంవత్సరం. పాత ఫైలు సార్ చుండూరు చెప్పారు, నేను వాకపల్లి చెబుతాను. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ ఆడవాళ్లు చెప్పారు. కేసు నిలబడడానికే హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులందరినీ వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని అదే తీర్పులో అంది, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పులో చెప్పింది. పదహారేళ్లలో వాళ్లలో కొందరు చనిపోయారు.

నేను అడిగేది ఒకటే. ముద్దాయి దొరకలేదు గానీ మీకు జరిగిన నష్టానికి పరిహారం తీసుకోండి అంటే, కోర్టు వాళ్ల మాట నమ్మినట్టా నమ్మనట్టా? లగాన్ అన్నా, మీ కోర్సులో దీనికి జవాబు ఉందా?

లగాన్ ఒడ్డు:
తమ్ముడూ, పూర్తి జవాబు లేదు గానీ దగ్గరికి వెళ్లే దారి ఉంది. 1988లో హోండురాస్ మీద వెలాస్కెజ్ రోడ్రిగెజ్ కేసులో అమెరికా ఖండపు మానవ హక్కుల కోర్టు చెప్పింది ఇదే. నేరం ఏ పోలీసు చేశాడో తేలకపోయినా, దాన్ని ఆపడానికీ దర్యాప్తు చేయడానికీ ప్రభుత్వం గట్టిగా ప్రయత్నించకపోతే ఆ బాధ్యత ప్రభుత్వానిదే. అంటే దర్యాప్తు చేయకపోవడమే ఒక విడి ఉల్లంఘన. నువ్వు చెప్పిన తీర్పుని ఆ కళ్లతో చదివితే, పరిహారం దయతో ఇచ్చింది కాదు, దర్యాప్తు చెడగొట్టినందుకు ప్రభుత్వం బాకీ పడింది అని వాదించొచ్చు. మన సుప్రీంకోర్టు కూడా 1993లో నీలబతి బెహరా కేసులో కస్టడీ మరణానికి ప్రభుత్వమే పరిహారం కట్టాలని, సార్వభౌమాధికారం పేరుతో తప్పించుకోలేదని చెప్పింది. ఈ రెండూ కలిపి వాకపల్లి మీద ఒక మంచి థీసిస్ రాయొచ్చు, నువ్వే రాయాలి.

పాత ఫైలు:
అరకు బాబూ, మణిపుర్ కేసు కూడా చదువు. 1,528 మందిని చట్టవిరుద్ధంగా చంపారని బాధితుల కుటుంబాల సంఘం వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2016 జులైలో, సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఉన్న చోట కూడా సైన్యానికి పూర్తి రక్షణ ఉండదని చెప్పి, 2017లో సీబీఐ చేత దర్యాప్తు చేయించింది. ఆ సంఘం నడిపింది భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు. పంజాబులో అమృత్‌సర్ జిల్లాలో పోలీసులు గుట్టుగా చేసిన శవదహనాల లెక్క 2,097. అక్కడ మానవ హక్కుల కమిషన్ పరిహారం దగ్గరే ఆగిపోయింది, ఎవరు చంపారన్న దాని జోలికి పోలేదు. దహనాల రికార్డులు బయటపెట్టిన జస్వంత్ సింగ్ ఖాల్రాని 1995 సెప్టెంబరులో ఎత్తుకుపోయి చంపారు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

సీమ బిడ్డ:
డబ్బు విషయం ఎవరూ రాయడం లేదు, నేను రాస్తాను, ఎందుకంటే మన పిల్లలు ఆగిపోయేది అక్కడే.

బ్రిటన్ చీవెనింగ్: ఒక ఏడాది మాస్టర్స్‌కి పూర్తి ఖర్చు ఇస్తారు. రెండేళ్ల పని అనుభవం, అంటే 2,800 గంటలు చూపాలి, చదువయ్యాక రెండేళ్లు మన దేశంలో ఉండాలి. కోర్టు ప్రాక్టీసు అనుభవంగా చెల్లుతుంది, కానీ గంటల లెక్క నువ్వే రాసుకోవాలి. దరఖాస్తులు మామూలుగా ఆగస్టులో తెరుస్తారు. కామన్వెల్త్ స్కాలర్‌షిప్ ఇంకొకటి. ఆక్స్‌ఫర్డ్, సోయాస్, రెడింగ్‌లలో అయితే ఫెలిక్స్ ఉంది.

ఎస్సీలకి, సంచార జాతులకి, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకి, చేతివృత్తుల కుటుంబాలకి కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాలి. రెండు విషయాలు జాగ్రత్త. ఒకటి, విశ్వవిద్యాలయం క్యూఎస్ అనే ప్రపంచ ర్యాంకుల జాబితాలో మొదటి 500లో ఉండాలి, అందుకే నీకు నచ్చిన చోటు ఆ లిస్టులో ఉందో లేదో ముందే చూసుకో. రెండు, 2022లో నిబంధనలు మార్చి భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద చదువులకు ఇవ్వం అన్నారు. చుండూరు మీద చదవాలనుకునే దళిత విద్యార్థికి ఈ డబ్బుతో చుండూరు మీద చదివే దారి మూసేశారన్నమాట. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది, చెప్పకుండా ఉండలేను. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా ఇస్తుంది, బీసీలకి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఉంది. లా వాటి సబ్జెక్టుల్లో వస్తుందా అని జిల్లా సంక్షేమాధికారి దగ్గర రాతపూర్వకంగా అడిగి తెచ్చుకో, నోటిమాట నమ్మొద్దు.

వీసా సంగతి: 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో క్లాసుల మాస్టర్స్ చదివేవాళ్లు భర్తనో పిల్లల్నో వెంట తీసుకెళ్లడం కుదరదు. చదువయ్యాక ఉండి పని వెతుక్కునే రెండేళ్ల గడువుని కూడా 2027 నుంచి 18 నెలలు చేస్తున్నారు.

విశాఖ టీచర్:
లా కాలేజీలో పాఠాలు చెబుతాను. విదేశీ ఎల్ఎల్ఎం తీసుకుని తిరిగొచ్చి ఇక్కడ టీచింగ్‌లో చేరాలనుకుంటే గుర్తింపు గొడవ ఉంది, అది తెలిసే వెళ్లాలి. 2022 జులైలో భారత్, బ్రిటన్ డిగ్రీల గుర్తింపు ఒప్పందం చేసుకున్నాయి గానీ లా దాంట్లో లేదు. ఏడాది విదేశీ ఎల్ఎల్ఎం మన ఎల్ఎల్ఎంతో సమానం కాదని బార్ కౌన్సిల్ 2020లో నిబంధనలు తెచ్చింది, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రాక్టీసుకి దీనితో పని లేదు, మీ ఎన్‌రోల్‌మెంట్ ఎల్ఎల్‌బీ మీదే. అసిస్టెంట్ ప్రొఫెసర్ అవ్వాలంటే మాత్రం టెన్షన్ పడాల్సిందే.

ఇక్కడే చదవాలంటే శామీర్‌పేట నల్సార్లో, విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలో క్లాట్ పీజీ ప్రవేశ పరీక్షతో ఏడాది ఎల్ఎల్ఎం. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా లాంటి చోట్ల పీజీ లాసెట్ ద్వారా రెండేళ్లది, ఫీజు చాలా తక్కువ. యూజీసీ నెట్‌లో మానవ హక్కులు, విధులు అని విడిగా సబ్జెక్టే ఉంది. ట్రాన్సిషనల్ జస్టిస్ అన్న పేరుతో మన రాష్ట్రాల్లో పూర్తి కోర్సు వెతకొద్దు, డిసర్టేషన్‌లో ఆ పని చేసుకోవాలి, దానికి ఒప్పుకునే గైడ్ దొరికితే కాలేజీ పేరు రెండో విషయం.

మంజీర:
ఇంత మంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. పాత ఫైలు సార్, 2009 తీర్పు మొదలుపెట్టాను. ఇంకో ప్రశ్న. డిసర్టేషన్‌కి 1948 హైదరాబాద్ తీసుకుంటే ఎలా ఉంటుంది? మా అమ్మమ్మ వాళ్లది బీదర్ వైపు ఊరు. ఆ రోజుల గురించి ఇంట్లో గొంతు తగ్గించే మాట్లాడతారు.

పాత ఫైలు:
తీసుకో, కానీ రెండు వైపులా తీసుకో. రజాకార్లు భైరాన్‌పల్లిలో చేసింది ఇంకా ఆ ఊరి వాళ్ల నోట వింటాం. సెప్టెంబరులో సైన్యం వచ్చాక ముస్లింల మీద జరిగినదాన్ని చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం సుందర్‌లాల్ కమిటీని పంపింది. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది పోయారని వాళ్ల అంచనా, ఎక్కువ దెబ్బతిన్నది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదిక ప్రభుత్వం ప్రచురించలేదు, జనం చేతికి రావడానికి దశాబ్దాలు పట్టింది. నిజం తెలుసుకోవడానికి మనుషుల్ని పంపి, వాళ్లు తెచ్చిన నిజాన్ని బీరువాలో పెట్టడం. సావిల్ విచారణ మీద ఖర్చు ఎక్కువైందని అనేవాళ్లకి నేను ఈ రెండో దారిలో అయిన ఖర్చు కూడా లెక్కేయమంటాను. ఇవాళ్టికీ ఆ నాలుగు జిల్లాల్లో ఎవరికీ పరిహారం గురించి మాట్లాడే భాషే లేదు.

తరాయి దారి:
ఒక హెచ్చరిక. ముసలివాళ్ల దగ్గర వాంగ్మూలాలు తీసుకునేటప్పుడు రికార్డరు పట్టుకుని వెళ్లిపోకండి. ఈ చెప్పింది ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, పేరు వాడొచ్చా, రేపు వద్దంటే తీసేస్తారా, ఇవన్నీ వాళ్లకి ముందు చెప్పాలి. నేపాల్లో ఒకే తల్లి దగ్గరికి ఎన్నో సంస్థలు వచ్చి అదే కథ మళ్లీ మళ్లీ చెప్పించి వెళ్లాయి, ఒక్కరూ తిరిగొచ్చి దాంతో ఏం చేశారో చెప్పలేదు. ఆవిడకి మిగిలింది మళ్లీ మళ్లీ ఏడవడమే. ఐక్యరాజ్య సమితి చేతిపుస్తకాలు రెండు ఉచితంగా దొరుకుతాయి. చిత్రహింసల్ని నమోదు చేయడానికి ఇస్తాంబుల్ ప్రోటోకాల్, 2022లో కొత్త కూర్పు వచ్చింది. అనుమానాస్పద మరణాల దర్యాప్తుకి మిన్నెసోటా ప్రోటోకాల్, 2016ది. ఫీజు కట్టే ముందు ఈ రెండూ చదవండి. చదువుతుంటే ఇదే నా పని అనిపిస్తే వెళ్లండి.

కొండపల్లి:
ఉద్యోగం సంగతి ఎవరైనా చెప్పండి. అప్పు చేసి పంపితే తిరిగి కట్టగలదా?

లగాన్ ఒడ్డు:
అప్పు మీదే మొత్తం ఆధారపడితే నేను వద్దంటాను కొండపల్లి గారూ. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ఆఫీసు, అంతర్జాతీయ సంస్థల్లో ఖాళీలు తక్కువ, మొదటి మెట్టు చాలాసార్లు జీతం లేని ఇంటర్న్‌షిప్పే, ఇంకో భాష, ఫ్రెంచో స్పానిషో, వచ్చిన వాళ్లదే పైచేయి. నాతో చదివినవాళ్లలో ఎక్కువ మంది తమ దేశాలకు వెళ్లి పాత పనే మెరుగ్గా చేస్తున్నారు. మనకి ఇంకో ఇబ్బంది ఉంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పాటు చేసిన రోమ్ ఒప్పందంలో భారత్ చేరలేదు, చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి ఇప్పటికీ ఆమోదించలేదు. కాబట్టి అంతర్జాతీయ క్రిమినల్ చట్టం చదివొచ్చి ఇక్కడ నేరుగా వాడలేం. సుప్రీంకోర్టు, హైకోర్టులకు రిట్లు వేసే 32, 226 అధికరణాల ద్వారానే, మన తీర్పుల పక్కన బయటి తీర్పులు పెట్టి ఒప్పించాలి. అది నెమ్మది పని, కానీ జరిగే పని.

స్కాలర్‌షిప్ వస్తే మాత్రం మీ అమ్మాయిని ఆపకండి, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

విశాఖ టీచర్:
1993 మానవ హక్కుల రక్షణ చట్టం 30వ సెక్షన్ కింద ప్రతి జిల్లాలో సెషన్స్ కోర్టుని మానవ హక్కుల కోర్టుగా ప్రకటించే వీలుంది. చాలా చోట్ల ప్రకటించారు కూడా, కానీ ఆ కోర్టులో ఫిర్యాదు ఎలా వేయాలి, ఏ నేరాలు వింటుంది అన్నది చట్టంలో స్పష్టంగా లేదు, అందుకని అవి పేరుకే ఉన్నాయి. మంజీర గారూ, మీ సంగారెడ్డి కోర్టులోనే ఆ సెక్షన్ కింద ఏవైనా దాఖలయ్యాయా అని ఒకసారి రికార్డు చూడండి. మానవ హక్కుల కమిషన్ దగ్గరికి వెళ్లాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్లాలన్న 36వ సెక్షన్ గడువు కూడా మన వాళ్లకి తెలియక కేసులు పోతున్నాయి.

మంజీర:
చూస్తాను సార్. నా నిర్ణయం ప్రస్తుతానికి ఇది. ఆగస్టులో చీవెనింగ్‌కి వేస్తాను, దాంతో పాటు పీజీ లాసెట్ కూడా రాస్తాను. విదేశం కుదరకపోతే ఉస్మానియాలో చేరి బీదర్ పని మొదలుపెడతాను. కుదిరితే అదే ప్రశ్న అక్కడికి తీసుకెళ్తాను. లగాన్ గారూ, దరఖాస్తు వ్యాసంలో ఏం రాయాలి?

లగాన్ ఒడ్డు:
చిన్నప్పటి నుంచీ న్యాయం అంటే ఇష్టం అని మొదలుపెట్టొద్దు, అందరూ అదే రాస్తారు. మీరు ఇక్కడ మొదటి పోస్టులో రాసిన కేసు రాయండి, పేర్లు తీసేసి. సాక్షి ఎందుకు మాట మార్చింది, మీరు ఏం చేయగలిగారు, ఏం చేయలేకపోయారు, ఆ చేయలేకపోయినదానికి ఈ కోర్సులో ఏ భాగం కావాలి. తర్వాత బీదర్ గురించి ఒక పేరా. తిరిగొచ్చాక ఏ కోర్టులో ఏ రకం కేసులు తీసుకుంటారో ఊరి పేరుతో సహా రాయండి. రెఫరెన్సు లెటర్లలో ఒకటి మీరు వాదిస్తుండగా చూసిన సీనియర్ దగ్గర తీసుకోండి, పెద్ద పదవి ఉండి మీ పని తెలియని వాళ్ల దగ్గర వద్దు. డ్రాఫ్టు అయ్యాక నాకు మెసేజ్ చేయండి, చదివి చెబుతాను. అరకు తమ్ముడూ, నువ్వు కూడా.

అరకు:
తప్పకుండా అన్నా. నాకు రెండేళ్ల అనుభవం రావడానికి టైం పడుతుంది, ఈలోపు వాకపల్లి తీర్పు నకలు కోసం కోర్టులో దరఖాస్తు పెడుతున్నాను. వచ్చాక ఎవరికైనా కావాలంటే అడగండి.